ఏడో నంబర్ గది మామ్మ, ఒక సంతకం, మా వీసా

చాలా రోజులైంది ఇక్కడ పెద్ద పోస్ట్ రాసి. ఇది మాత్రం ఏడాదిగా రాద్దాం రాద్దాం అనుకుంటూ ఆపేసిందే. నైట్ షిఫ్ట్ బ్రేక్‌లో ఉన్నవాళ్ళు టీ పెట్టుకుని చదవండి, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మేము అని ఎందుకు రాస్తున్నామంటే ఇది ఒక్కరి కథ కాదు. మా ఇంట్లో ఇద్దరం. మాలో ఆవిడ ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో పర్సనల్ కేర్ వర్కర్. నెల్లూరులో జీఎన్ఎం చేసి, నాలుగేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన మనిషి. ఇక్కడ రిజిస్టర్డ్ నర్స్ కావాలంటే ఎన్‌క్లెక్స్ రాయాలి, ఆ తర్వాత ఓస్కీ పాస్ అవ్వాలి. ఆ డబ్బులు పోగేసుకుంటూ ఉంది. మాలో ఆయన 2019లో ఐటీ మాస్టర్స్ అని వచ్చి, ఐటీ ఉద్యోగం దొరక్క, ఒక క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ మీద కూర్చున్నవాడు. మెల్‌బోర్న్ నుంచి రెండు గంటల డ్రైవ్ ఉండే ఊరు మాది. ఊరి పేరు, హోమ్ పేరు, క్లినిక్ పేరు రాయం. అడగొద్దు ప్లీజ్. పెద్దవాళ్ళ పేర్లు కూడా రాయం, అది మన ఉద్యోగ ధర్మం.

ఆ క్లినిక్ డాక్టరే ఈ హోమ్‌కి వస్తాడు. అంటే ఆయన డెస్క్ మీద బుక్ చేసిన విజిట్‌కి ఆవిడ గది తలుపు తీసి పెద్దవాళ్ళని రెడీ చేస్తుంది. ఊళ్ళో మన వాళ్ళు జోక్ చేసేవారు, "మీ ఇద్దరి మధ్యలోనే డాక్టరు తిరుగుతుంటాడు" అని. ఆ జోక్ 2024 జూలైలో మా మెడకి చుట్టుకుంది.

ముందు విషయం చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. ఈ రంగంలో లేనివాళ్ళు కూడా చదవండి, రేపు మీకూ పనికొస్తుంది.

ఇక్కడ ఏజ్డ్ కేర్ హోముల్లో పెద్ద సమస్య ఏంటంటే జీపీలు రారు. క్లినిక్‌లో కూర్చుంటే పది నిమిషాలకి ఒక పేషెంట్. హోమ్‌కి రావాలంటే కారు తీయాలి, పార్కింగ్ వెతకాలి, నర్సుని వెతకాలి, ఫైల్ వెతకాలి, వినపడని మనిషితో గట్టిగా మాట్లాడాలి, సాయంత్రం ఇంటివాళ్ళ ఫోన్లు ఎత్తాలి. దానికొచ్చే డబ్బు దానికి సరిపోదని చాలామంది డాక్టర్లు మానేశారు. రాయల్ కమిషన్ వేశారు, 2021 మార్చిలో రిపోర్ట్ బయటికొచ్చింది, 148 సిఫార్సులు. ఆ తర్వాతే చాలా మారాయి. 2023 జూలై నుంచి హోమ్‌లో 24 గంటలూ రిజిస్టర్డ్ నర్స్ ఉండాలన్నారు. కేర్ మినిట్స్ అన్నారు, 2024 అక్టోబర్ నుంచి సగటున ఒక్కో రెసిడెంట్‌కి రోజుకి 215 నిమిషాలు. మన జీతాలు 15 శాతం పెరిగింది కూడా ఆ వరసలోనే.

డాక్టర్ల కోసం పెట్టింది ఇది: 2024 జూలై 1 నుంచి జనరల్ ప్రాక్టీస్ ఇన్ ఏజ్డ్ కేర్ ఇన్సెంటివ్. ఒక్కో రెసిడెంట్‌కి సంవత్సరానికి డాక్టర్‌కి 300 డాలర్లు, క్లినిక్‌కి 130 డాలర్లు. క్వార్టర్ క్వార్టర్‌కీ ఇస్తారు. మామూలుగా విజిట్‌కి మెడికేర్ ఇచ్చేది వేరే, ఇది దాని పైన. మారుమూల ఊళ్ళకి ఇంకొంచెం ఎక్కువ.

ఊరికే ఇవ్వరు కదా. షరతులున్నాయి. ఒకటి, ఆ రెసిడెంట్ మైమెడికేర్‌లో ఆ క్లినిక్ పేరు మీద రిజిస్టర్ అయి ఉండాలి. మైమెడికేర్ అంటే 2023 అక్టోబర్‌లో మొదలైంది, "నా డాక్టరు ఈ క్లినిక్‌లో ఉంటాడు" అని మనం మెడికేర్‌కి చెప్పుకోవడం. రెండు, హోమ్‌లో పర్మనెంట్‌గా ఉండే మనిషి అయి ఉండాలి. రెండు వారాలు రెస్పైట్‌కి వచ్చినవాళ్ళు లెక్కలోకి రారు. మూడు, ఏడాదిలో కనీసం పది సర్వీసులు జరగాలి. అందులో రెండు కేర్ ప్లానింగ్‌వి, అంటే పూర్తి మెడికల్ అసెస్‌మెంట్, కేస్ కాన్ఫరెన్స్, మందుల రివ్యూ లాంటివి. మిగతా ఎనిమిది మామూలు విజిట్లు. ప్రతి మూడు నెలల్లో రెండు, అవి కూడా వేరు వేరు నెలల్లో జరగాలి. ఈ "వేరు వేరు నెలల్లో" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు కథ.

జూలై రెండో వారం. బయట పొగమంచు, లోపల హీటర్. క్లినిక్ ప్రాక్టీస్ మేనేజర్ ఆవిడ ఒక ఎక్సెల్ షీట్ ఇచ్చింది. 28 పేర్లు. అందరూ ఆ హోమ్ వాళ్ళే. "శుక్రవారం లోపు అందర్నీ మైమెడికేర్‌లో ఎక్కించెయ్" అంది. లెక్క వేసి చూపించింది కూడా. 28 మందికి క్లినిక్‌కి 3,640, డాక్టర్‌కి 8,400. మొత్తం 12,040 డాలర్లు. చిన్న క్లినిక్‌కి అది చిన్న డబ్బు కాదు.

రిజిస్టర్ చేయడం రెండు రకాలు. పేషెంట్ తన మెడికేర్ యాప్‌లో తనే చేసుకోవచ్చు. లేదా కాగితం ఫారం మీద సంతకం పెట్టిస్తే క్లినిక్ వాళ్ళు సిస్టమ్‌లో ఎక్కిస్తారు. ఎనభై, తొంభై ఏళ్ళ వాళ్ళకి యాప్ ఎక్కడిది, కాబట్టి ఫారమే. మరి ఫారాలు ఏవి అని మాలో ఆయన అడిగాడు.

"ఫారాలు తర్వాత చూద్దాం. ముందు ఎక్కించు. అందులో సగం మందికి డిమెన్షియా, వాళ్ళకేం తెలుస్తుంది? వాళ్ళ మంచికే కదా చేస్తున్నాం."

ఈ మాటలో సగం నిజం ఉంది, అదే ఇబ్బంది. నిజంగా వాళ్ళ మంచికే. డాక్టరు రెగ్యులర్‌గా వస్తే మంచిదే కదా. కానీ సంతకం లేకుండా సంతకం ఉన్నట్టు ఎక్కించేది ఎవరి వేలు? డెస్క్ మీద కూర్చున్న వేలు. సిస్టమ్‌లో ఎవరి లాగిన్ ఉంటుంది? ఆయనది.

ఆ రోజు రాత్రి ఇంట్లో అన్నం దగ్గర మాట మొదలైంది, గిన్నెలు కడిగేదాకా అయిపోలేదు. నిజాయితీగా రాస్తున్నాం, మా ఇద్దరిదీ ఒకే అభిప్రాయం కాదు. ఆయన, "నేను చెయ్యను. సంతకం లేకుండా ఎక్కిస్తే దొంగతనమే" అన్నాడు. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, "మీకక్కడ నిజాయితీ, నాకిక్కడ వీసా. ఆ క్లినిక్ వాళ్ళకి కోపం వచ్చి డాక్టర్ని పంపడం మానేస్తే మా హోమ్ వాళ్ళు ఎవర్ని అడుగుతారు? ఎవరి మొగుడి వల్ల ఆగిందో తెలియదా వాళ్ళకి?"

వీసా సంగతి కూడా చెప్పాలి. ఆవిడది 482, ఏజ్డ్ కేర్ ఇండస్ట్రీ లేబర్ అగ్రిమెంట్ కింద. 2023లో వచ్చిన దారి ఇది, మనలాంటి కేర్ వర్కర్స్ చాలామంది దీంట్లోనే ఉన్నారు. రెండేళ్ళు ఫుల్ టైమ్ అనుభవం ఉంటే పీఆర్‌కి నామినేట్ చేస్తారు. ఆయన డిపెండెంట్. అంటే హోమ్ వాళ్ళకి మనసు విరిగితే ఇద్దరం కలిసి పెట్టె సర్దుకోవాల్సిందే. 2024 జూలై నుంచి స్పాన్సర్ పోతే కొత్త స్పాన్సర్ వెతుక్కోవడానికి ఒక్కసారికి 180 రోజులు ఇస్తున్నారు, అంతకు ముందు 60 రోజులే. ఆ విషయం మాకు అప్పటికి సరిగా తెలియదు. తెలియకపోవడం వల్ల భయం మూడింతలు ఉండేది. తెలియనివాళ్ళు ఇంకా ఉంటారని ఇక్కడ రాస్తున్నాం.

ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. పొద్దున ఆవిడకి ఏడింటికి షిఫ్ట్.

ఇప్పుడు ఏడో నంబర్ గది మామ్మ గురించి. ఆ షీట్‌లో మూడో పేరు ఆవిడది. 91 ఏళ్ళు. 1950లలో ఇటలీ నుంచి ఓడ ఎక్కి వచ్చిందట, ఇక్కడి పళ్ళ తోటల్లో పీచెస్, పియర్స్ కోసిందట. భర్త పోయాడు, కూతురు పోయింది, ఒక్క కొడుకు మిగిలాడు, పెర్త్ అవతల గనుల్లో పని. డిమెన్షియా వచ్చాక మామ్మకి ఇంగ్లిష్ పోయింది. అరవై, డెబ్భై ఏళ్ళు మాట్లాడిన భాష మెల్లగా పోయి, చిన్నప్పటి భాష మిగిలింది. మనకి ఇటాలియన్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా మాలో ఆవిడ స్నానం చేయించేటప్పుడు తెలుగులోనే మాట్లాడుతుంది, మామ్మ ఇటాలియన్‌లో జవాబిస్తుంది. ఇద్దరికీ బానే జరిగిపోతుంది.

మనందరికీ ఆలోచన వచ్చే ఉంటుంది. ఇంకో యాభై ఏళ్ళకి మనం కూడా ఇలాంటి గదిలో ఉంటే, మన ఇంగ్లిష్ కూడా ఇలాగే పోతే, "మంచినీళ్ళు" అని అడిగితే ఎవరికి అర్థమవుతుంది? మన సంతకం ఎవరు పెడతారు? "వాళ్ళకేం తెలుస్తుంది, ఎక్కించెయ్" అని ఎవరో ఒకరు అంటారు కదా అప్పుడు.

ఆ రోజు షిఫ్ట్‌లో మామ్మకి బ్రేక్‌ఫాస్ట్ తినిపిస్తుంటే ఆవిడకి ఇదే తట్టిందట. సాయంత్రం ఇంటికి వచ్చి షూస్ కూడా విప్పకుండా అంది, "సంతకం లేకుండా ఎక్కించొద్దండీ. కానీ వాళ్ళకి 'నో' అని కూడా చెప్పొద్దు. ఇంకేదైనా దారి చూద్దాం."

దారి ఇలా దొరికింది. ఇది అందరూ నేర్చుకోవాల్సింది అనిపించి రాస్తున్నాం.

ఆయన మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్ళి గొడవ పడలేదు. "సరే మేడం, చేస్తాను. ఫారం లేకుండా ఎక్కించమన్న మాట ఒక్క ఈమెయిల్‌లో పెట్టండి, రేపు ఎవరైనా అడిగితే చూపించుకోవడానికి" అన్నాడు. అంతే. ఈమెయిల్ రాలేదు. శుక్రవారం గడువు కూడా మాట్లాడకుండా జరిగిపోయింది. మన దగ్గర ఏం లేకపోయినా "రాసి ఇవ్వండి" అనే మాట ఉంది. మర్యాదగా అడగండి. నోటితో చెప్పినంత ధైర్యంగా ఎవరూ రాయరు.

మేనేజర్ ఆవిడని విలన్‌గా రాయడం మాకు ఇష్టం లేదు. ఆవిడ మీద పైనుంచి ఒత్తిడి, నర్స్ జీతం ఎలా ఇవ్వాలన్న దిగులు, ఇద్దరు డాక్టర్లు సిటీకి వెళ్ళిపోయారు. కానీ ఆ మూడు వారాలు ఆయనకి శనివారం షిఫ్టులు రాలేదు. అది కూడా నిజమే. మూడు శనివారాలంటే ఆ నెల ఓస్కీ డబ్బాలో ఏమీ పడలేదని అర్థం.

ఈ లోపు మాలో ఆవిడ హోమ్‌లో క్లినికల్ మేనేజర్‌తో మాట్లాడింది. క్లినిక్ గొడవ ఏమీ చెప్పలేదు. "డాక్టరు రెగ్యులర్‌గా రావాలంటే ఇంటివాళ్ళ సంతకాలు కావాలంట, కేర్ ప్లాన్ మీటింగ్‌కి వచ్చినప్పుడు ఫారం మనమే ఇస్తే బావుంటుంది కదా" అంది. ఆవిడకి కూడా డాక్టరు కావాలి కదా, వెంటనే ఒప్పుకుంది. తన నిర్ణయం తాను తీసుకోగలిగిన పెద్దవాళ్ళ దగ్గర నర్స్ కూర్చుని, ఫారం చదివి వినిపించి, వాళ్ళ చేతే సంతకం పెట్టించింది. తీసుకోలేనివాళ్ళకి, చట్టప్రకారం వాళ్ళ తరఫున నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో ఫైల్‌లో చూసి వాళ్ళకి పంపారు. ఫోన్లు మాలో ఆయన చేశాడు, లంచ్ బ్రేక్‌లో.

ఆ ఫోన్లలో తెలిసింది ఏంటంటే, ఇది తప్పనిసరి కాదని చాలామందికి చెప్పనే లేదు. మైమెడికేర్ ఇష్టం ఉంటేనే. రిజిస్టర్ అవ్వకపోయినా డాక్టరు చూడొచ్చు, రిజిస్టర్ అయినా వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఈ మాట ముందే చెప్పేసరికి అవతలి గొంతు మెత్తబడేది. "మరి మా అమ్మకి ఏంటి లాభం?" అని అడిగేవాళ్ళు. "క్లినిక్‌కి డబ్బు వస్తుందండి, దాచేది ఏమీ లేదు. ఆ డబ్బు రావాలంటే డాక్టరు మూడు నెలల్లో కనీసం రెండుసార్లు మీ అమ్మగారిని చూడాలి, ఏడాదిలో రెండుసార్లు కూర్చుని ప్లాన్ చేయాలి. అదే లాభం" అని చెప్పేవాడు. డబ్బు సంగతి దాచకుండా చెప్తే ఎవరూ తప్పు పట్టలేదు. మేము భయపడింది దానికే.

నెలన్నర పట్టింది. 28 మందిలో 22 సంతకాలు వచ్చాయి. ముగ్గురు పాత డాక్టరే కావాలన్నారు, మంచిదే. ఇద్దరి ఇంటివాళ్ళు ఫోన్ ఎత్తలేదు. ఒక తాత ఆ నెలలోనే పోయారు. ఆయన ఫారం ఆయన డ్రాయర్‌లోనే ఉండిపోయింది, ఖాళీగా.

మామ్మ కొడుకు దొరకడం కష్టమైంది. రెండు వారాలు గనిలో, ఒక వారం ఇంట్లో. పెర్త్ టైమ్ మనకంటే వెనక. చివరికి ఒక రాత్రి తొమ్మిదింటికి ఎత్తాడు. విషయం అంతా విన్నాడు. "అంటే ఏడాదికి పదిసార్లు" అన్నాడు. అవునన్నాం. "నేను అమ్మని చూసి రెండేళ్ళయింది" అన్నాడు. ఇంకేం అనలేదు. మర్నాడు ఫారం స్కాన్ చేసి పంపాడు. మనలో ఎంతమందిమి ఆ మాట అనగలం, ఎంతమందికి రెండు కాదు నాలుగేళ్ళయిందో లెక్క వేసుకోండి.

సంతకం కొడుకుదే అయినా నర్స్ మామ్మకి కూడా ఫారం చూపించింది. డాక్టర్ పేరు చెప్పి, స్టెత్ పెట్టినట్టు చేసి చూపించింది. మామ్మ పెన్ను తీసుకుని ఫారం మూలన ఏదో రాసింది. తర్వాత కొడుకు ఫొటో చూసి చెప్పాడు, అది ఆవిడ పెళ్ళికి ముందు ఇంటిపేరట.

తర్వాత ఏమైంది? అన్నీ మంచి జరిగిపోయాయని రాయం.

మంచి జరిగింది మందుల రివ్యూలో. రెండు కేర్ ప్లానింగ్ సర్వీసుల్లో ఒకటిగా ఫార్మసిస్ట్ వచ్చి మామ్మ మందులు చూసింది. ఎప్పుడో ఆసుపత్రిలో మొదలుపెట్టిన నిద్రమాత్ర, ఎవరూ ఆపలేదు. మామ్మ అంతకు ముందు నాలుగు నెలల్లో మూడుసార్లు పడింది. ఆ రకం మాత్రలు పెద్దవాళ్ళలో పడిపోవడాన్ని పెంచుతాయని మనకి ట్రైనింగ్‌లోనే చెప్తారు. డాక్టరు మెల్లగా తగ్గించాడు. నెల తర్వాత మామ్మ పొద్దున పూట కళ్ళు తెరిచి కూర్చోవడం మొదలుపెట్టింది. స్పూన్ తనే పట్టుకుంది. మాలో ఆవిడ ఆ రోజు ఇంటికి వచ్చి చెప్పిన తీరు చూస్తే మన పిల్ల మొదటిసారి అన్నం తిన్నట్టు ఉంది.

చెడు జరిగింది లెక్కలో. ఆ తర్వాతి ఏడాది జనవరిలో డాక్టరు సెలవు. ఫిబ్రవరిలో మామ్మకి యూరిన్ ఇన్ఫెక్షన్, మనిషి అయోమయం అయిపోయింది, డాక్టరు వారంలో రెండుసార్లు వచ్చాడు, ఒకసారి రాత్రి ఎనిమిదింటికి. మార్చిలో మూడు వారాలు ఆసుపత్రి. అంటే మూడు నెలల్లో రెండు విజిట్లు ఉన్నాయి, కానీ రెండూ ఒకే నెలలో. వేరు వేరు నెలలు కాదు. ఆ క్వార్టర్ మామ్మ పేరు మీద డబ్బు రాలేదు. ఆరోగ్యంగా ఉన్న పక్క గది పెద్దాయనకి రెండు వేరు వేరు నెలల్లో ఒక్కో విజిట్, ఆయనకి వచ్చింది.

డాక్టర్‌కి చెప్తే నవ్వాడు. "జబ్బు క్యాలెండర్ చూసి రాదు కదా" అన్నాడు. ఆయన కూడా వేరే దేశం నుంచి వచ్చినవాడే, మనలాగే పరీక్షలు రాసినవాడే. మేనేజర్ నవ్వలేదు.

మేము దీని గురించి చాలా మాట్లాడుకున్నాం. రూల్ తప్పా? పూర్తిగా తప్పు అనలేం. వేరు వేరు నెలలు అని ఎందుకు పెట్టారంటే, క్వార్టర్ చివరి వారంలో వచ్చి రెండు రోజుల్లో అందరి గదులూ తిరిగేసి వెళ్ళిపోకుండా. జబ్బు చేసినప్పుడే కాకుండా బాగున్నప్పుడు కూడా వచ్చి చూడమని. అది సరైన ఆలోచనే. కానీ ఏ లెక్కకైనా అందని మనిషి ఒకరుంటారు. ఆ రాత్రి ఎనిమిదింటి విజిట్‌ని ఏ కాలమ్‌లో రాయాలో మాకు తెలియలేదు.

అప్పటినుంచి మాలో ఆయన డెస్క్ వెనక గోడ మీద ఒక చార్ట్ పెట్టాడు. గది నంబర్లు నిలువుగా, నెలలు అడ్డంగా. నెల 20వ తారీఖుకి ఎవరి గడి ఖాళీగా ఉందో చూసి డాక్టర్‌కి లిస్ట్ ఇస్తాడు. సిస్టమ్ చెప్పేలోపు గోడ చెప్తుంది. మేనేజర్ ఆవిడే ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి ఆ చార్ట్ చూపిస్తుంది. శనివారాలు కూడా తిరిగి వచ్చాయి. ఆ పాత మాట మాత్రం మా మధ్య మళ్ళీ రాలేదు, ఆవిడా అనలేదు, ఈయనా అడగలేదు.

ఇలాంటి పనుల్లో ఉన్న మన వాళ్ళకి కొన్ని మాటలు, మేము దెబ్బ తిని నేర్చుకున్నవి.

క్లినిక్ డెస్క్ మీద ఉన్నవాళ్ళు: ఫారం చేతిలో లేకుండా ఎక్కించకండి. లాగిన్ మీది, పేరు మీది. ఇంకో సంగతి, మైమెడికేర్‌లో ఎక్కిస్తే చాలు అనుకోకండి. ఆ పేషెంట్‌ని ఈ ఇన్సెంటివ్ కిందకి చేర్చాలి, బాధ్యత తీసుకునే డాక్టర్ ఎవరో చూపించాలి. ఇది మర్చిపోయి డాక్టరు విజిట్లన్నీ చేసినా డబ్బు రాని క్లినిక్‌లు ఉంటాయి. ఒక మనిషి ఒకసారికి ఒక్క క్లినిక్‌లోనే రిజిస్టర్ అయి ఉండగలరు. మా లిస్ట్‌లో ఒక పెద్దావిడ మనవరాలు మంచి ఉద్దేశంతోనే యాప్‌లో పాత ఊరి క్లినిక్‌కి రిజిస్టర్ చేసింది, ఇక్కడిది పోయింది, మాకు చాలా రోజులకి తెలిసింది. అందుకని అప్పుడప్పుడు చూసుకోండి.

హోముల్లో పనిచేసేవాళ్ళు: డాక్టరు వచ్చే రోజు ముందే తెలుసుకుని, ఎవరు పడ్డారు, ఎవరు తినడం లేదు, ఎవరికి కొత్త మాత్ర వచ్చాక మత్తుగా ఉంది, ఇవి ప్రోగ్రెస్ నోట్స్‌లో రాసి నర్స్‌కి చెప్పండి. పది నిమిషాల విజిట్‌లో డాక్టర్‌కి కనపడనివి మనకి స్నానాల గదిలో కనపడతాయి. మనం చెప్పకపోతే ఆ విజిట్ గడిలో టిక్ మాత్రమే.

ఇంక అందరూ ఇన్‌బాక్స్‌లో అడిగే ప్రశ్న: "మా అమ్మానాన్న వచ్చారు, వాళ్ళని మైమెడికేర్‌లో చేర్చొచ్చా?" మెడికేర్ కార్డ్ ఉంటేనే, లేదా వెటరన్ కార్డ్. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి మెడికేర్ లేదు, కాబట్టి ఇదీ లేదు. 870 మీద ఉన్నవాళ్ళకీ లేదు. 143 వచ్చి పర్మనెంట్ అయినవాళ్ళకి మెడికేర్ వస్తుంది, అప్పుడు చేర్చొచ్చు. ఆ 143 క్యూ ఎన్నేళ్ళో మీకూ తెలుసు.

మా నాన్నలిద్దరూ ఊళ్ళోనే ఉన్నారు. ఒకరికి షుగర్, ఒకరికి గుండెలో స్టెంట్. ఊరి ఆర్ఎంపీ బండి మీద వచ్చి బీపీ చూసి వెళ్తాడు. 2023లో ఆంధ్రలో ఫ్యామిలీ డాక్టర్ అని పెట్టినప్పుడు, పీహెచ్‌సీ డాక్టరు నెలకి రెండుసార్లు ఊరికే వస్తున్నారని నాన్న ఫోన్‌లో చెప్తే మాకు ఎంత ధైర్యం వచ్చిందో. ఈ మధ్య "వస్తున్నారా నాన్నా?" అంటే "ఆఁ, బానే ఉన్నాను లేమ్మా" అంటాడు. అడిగింది అదీ కాదు, చెప్పింది ఇదీ కాదు. ఇక్కడ 22 మంది పెద్దవాళ్ళకి డాక్టరు ఏ నెలలో వచ్చాడో గోడ మీద రాసి పెట్టుకున్నాం. మా ఇంటి పెద్దవాళ్ళ చార్ట్ మా దగ్గర లేదు.

ఈ పోస్ట్ రాయడం మొదలుపెట్టాక అది కూడా ఒకటి చేశాం. ఫ్రిజ్ మీద ఒక కాగితం. రెండు పేర్లు, పన్నెండు నెలలు. షుగర్ టెస్ట్ ఎప్పుడు, గుండె డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళారు, మాత్రలు ఏమైనా మార్చారా. ఆదివారం ఫోన్‌లో "బాగున్నారా" అని కాకుండా అదే అడుగుతున్నాం. మొదటివారం నాన్న విసుక్కున్నాడు. రెండోవారం ఫోన్ ఎత్తగానే తనే చెప్పాడు, "పోయిన మంగళవారం టెస్ట్ చేయించాను, రాసుకో" అని.

మామ్మ ఇంకా ఏడో నంబర్ గదిలోనే ఉంది. కొడుకు క్రిస్మస్‌కి వచ్చి నాలుగు రోజులు ఉన్నాడు. ఆవిడకి ఎవరో తెలిసిందో లేదో మాకు తెలియదు, చేయి మాత్రం వదల్లేదు.

మీరు పనిచేసే చోట కూడా ఇలా "ముందు ఎక్కించెయ్, తర్వాత చూద్దాం" అన్న సందర్భాలు ఉంటే ఏం చేశారో కింద రాయండి. కంపెనీ పేర్లు, పేషెంట్ల పేర్లు వద్దు. కొత్తగా వచ్చిన పిల్లలు చదువుతున్నారు, వాళ్ళకి పనికొస్తుంది. ఓస్కీ రాసినవాళ్ళు ఎవరైనా ఉంటే మాలో ఆవిడకి మెసేజ్ పెట్టండి, వచ్చే నెలలో డేట్ తీసుకుంటోంది.

ఉంటాం మరి. పొద్దున ఏడింటికి షిఫ్ట్.